పలకల సీమలో వెండి పళ్ళేలు

తెలుగు కంప్యూటరులోకి ఏ దారిన వచ్చిందని ఎవరైనా అడిగితే, మనలో చాలామంది ముందు యూనికోడు పేరు చెబుతారు. నిజమే. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే మన లిపికి చోటు దక్కింది. 1988 నాటి ఇస్కీ పట్టికను ఆధారం చేసుకుని నూట ఇరవై ఎనిమిది గదులున్న వీధి ఒకటి తెలుగుకు కేటాయించారు. అయితే వీధి వేసినంత మాత్రాన కాపురాలు మొదలుకావు. ఆ కాగితం మీది హక్కు మామూలు ఇళ్ళలోని తెరల మీద అక్షరాలై కనబడడానికి మరో పదేళ్ళు పట్టింది. అలా కనబడిన తొలినాళ్ళలో ఆ గృహప్రవేశం చాలా ఇళ్ళలో జరిగింది, మీట నొక్కితే నాలుక చాపినట్లు బయటికి వచ్చే సీడీ డ్రైవు గుండా. ఈ టపా ఆ డ్రైవు చరిత్ర, దాని రోగాల చరిత్ర, మా ప్రాంతంలో దానికి జరిగిన వైద్యం చరిత్ర.

ఆ రోజులు ఎరిగినవారికి ఒక తంతు గుర్తుండే ఉంటుంది. విండోసు 2000లో దేవనాగరికీ తమిళానికీ ఆదరణ ఉంది గాని తెలుగుకు లేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీ తనతో గౌతమి ఖతిని తెచ్చింది. తెచ్చిందే గాని అడగనిదే పెట్టలేదు. కంట్రోలు ప్యానెలు తెరచి, ప్రాంతమూ భాషల ఎంపికలలోకి పోయి, సంక్లిష్ట లిపులకూ కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ కావలసిన ఫైళ్ళు స్థాపించమనే గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు యంత్రం తాపీగా, ఎక్స్‌పీ సీడీని డ్రైవులో పెట్టమని అడిగేది. పెడితే ఫైళ్ళు దిగేవి, కంప్యూటరు ఆగి మళ్ళీ లేచేది, తెర మీద తెలుగు విచ్చుకునేది. సీడీ లేకపోయినా, ఉండీ డ్రైవు దాన్ని చదవకపోయినా, మన భాష అంతా వరుసగా పేర్చిన ఖాళీ డబ్బాలు. బయటి నుంచి ఖతి ఒక్కటే తెచ్చి పెట్టుకుంటే డబ్బాలు పోయేవి గాని, గుడులూ వత్తులూ ఎవరి దారి వారిదై విడిపోయి నిలబడేవి. సీడీలోని ఐ386 అనే ఫోల్డరును ముందే హార్డు డిస్కులోకి దించుకున్న జాగ్రత్తపరులకు మాత్రం ఈ బాధ లేదు. 2007లో ఇళ్ళకు చేరిన విస్టా నుంచి ఈ తంతు అవసరం తప్పింది. అంటే ఐదారేళ్ళ పాటు, సామాన్యుడి ఇంట తెలుగు కనబడడమూ కనబడకపోవడమూ శనగ గింజంత గాజుకన్ను మీద ఆధారపడి ఉంది.

అంతర్జాలం నుంచి దించుకోవచ్చు కదా అని ఈనాటి పిల్లలు అడుగుతారు. గిద్దలూరు, కంభం, మార్కాపురం వంటి ఊళ్ళలో అప్పుడున్నది టెలిఫోను తీగ మీద నడిచే డయలప్పు. 56 కిలోబిట్ల మోడెము అన్న పేరే గాని, సెకనుకు ఐదు కిలోబైట్లు వస్తే ఆ పూట అదృష్టం. ఆ లెక్కన 650 మెగాబైట్ల సీడీ సరుకు దిగడానికి ముప్పై ఆరు గంటలు దాటుతుంది. అదీ ఫోను తెగకుండా, కరెంటు పోకుండా, మీటరు చూసి ఇంట్లో పెద్దవాళ్ళు కేక వేయకుండా ఉంటే. బస్సులో వచ్చే సీడీకి మాత్రం మూడు నాలుగు గంటలు చాలు. అందుకే ఆనాడు మా వైపు సాఫ్టువేరు తీగల మీద ప్రయాణించలేదు. చొక్కా జేబుల్లో, పత్రికల అట్టల మధ్య, తపాలా సంచుల్లో ప్రయాణించింది.

తపాలా సంచి అన్నది మాటవరసకు కాదు. కేంద్ర ప్రభుత్వమూ సీడాక్ సంస్థా కలిసి భారతీయ భాషల ఖతులు, రాతపరికరాలు నింపిన ఉచిత సీడీలను 2005 ఏప్రిల్‌లో తమిళంతో మొదలుపెట్టి ఇచ్చాయి. తరువాత తెలుగుకూ వంతు వచ్చింది. పేరూ చిరునామా రాసుకుంటే ఇంటికే పంపేవారు. ఉబుంటు వాళ్ళు కూడా 2011 దాకా లినక్సు సీడీలను కోరినవారికి ఖర్చు లేకుండా దేశదేశాలకు పంపారు. ప్రపంచం ఆ మూల నుంచి వచ్చిన ఉచిత పళ్ళెం మా పోస్టుమాను సైకిలు మీద ఇంటి గడప దాకా చేరేది. గడప నుంచి డ్రైవు దాకా ఉన్న ఆఖరి బారెడు దూరమే ఒక్కోసారి దాటరానిదయ్యేది.

ఇక్కడ మా ప్రాంతం గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లాను కూర్చారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు వైపు నుంచి వచ్చినవి. నల్లమలకు తూర్పు వాలున, గుండ్లకమ్మ పుట్టే చోట, వాన కోసం ఆకాశం వంక చూసే మెట్ట సీమ ఇది. అయితే రాష్ట్రంలో చదువుకున్న పాతతరం వారికి మార్కాపురం అనగానే గుర్తుకొచ్చేది కరువు కాదు, పలక. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి రాతి పొరలకు మా కంభం పేరే పెట్టి కంభం పొరలు అంటారు. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన నాటి బురద, ఒత్తిడికీ వేడికీ గట్టిపడి, పుస్తకంలోని పుటల్లా విడివడే రాయి అయింది. ఆ పుటను చెక్క చట్రంలో బిగిస్తే పలక. దశాబ్దాల పాటు తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దింది ఆ రాతి మీదనే. నోటు పుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక బడిపలక వెనకబడింది. రాయి మాత్రం ఇళ్ళ గోడలకూ నేలకూ పరిచే బిళ్ళలుగా దూరదేశాలకు కూడా పోయింది.

పలకను తలచుకోవడానికి నాకు రెండు కారణాలున్నాయి. మొదటిది, పలకా సీడీ రెండూ రాతకు ఆధారాలే, కాని స్వభావంలో పూర్తిగా ఎదురెదురు. పలక మీద రాసింది ఎవరైనా చదవగలరు, తడిగుడ్డతో ఎవరైనా చెరపగలరు. సీడీ మీద రాసింది చెరిపేయలేము, యంత్రం లేకుండా చదవనూ లేము. రెండవది మరీ మోటు కారణం. పలకరాయిని కోసి, నున్న చేసే చోట లేచే పొడి పిండి కన్నా మెత్తన. ఆ పొడిలోని సిలికా ఊపిరితిత్తులకు చేటని తెలిసిందే. మనుషుల ఊపిరిలోకి పోయేది యంత్రాల కంట్లోకి పోకుండా ఉంటుందా?

ఆ కన్ను చూసేదేమిటో కొంచెం చెప్పుకుందాం. హాలెండు వారి ఫిలిప్స్, జపాను వారి సోనీ కలిసి 1980లో సీడీ ప్రమాణాన్ని ఖరారు చేశాయి. 1982 అక్టోబరులో జపానులో తొలి ప్లేయరు అమ్మకానికి వచ్చింది. అది పాటలకోసం. కంప్యూటరు సమాచారం దాచే సీడీ-రాం ప్రమాణం 1983 నాటిది. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పూ, 1.2 మిల్లీమీటర్ల మందమూ ఉన్న పాలికార్బొనేటు బిళ్ళ, దాని వీపున అల్యూమినియం పూత, పూత మీద సన్నని లక్క పొర, ఆ పైన బొమ్మ. లోపలి అంచు నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ పోయే గీత ఒకటి. చుట్టకూ చుట్టకూ నడుమ దూరం 1.6 మైక్రాన్లు. చుట్ట విప్పి చాపితే ఐదు కిలోమీటర్లు దాటుతుంది. ఆ దారి పొడుగునా గుంటలు. 780 నానోమీటర్ల లేసరు కిరణం, అంటే మన కంటికి ఆనని పరారుణ కాంతి, ఆ గుంటల మీద పడి తిరిగి వస్తుంది. గుంట లోతు, ప్లాస్టిక్కులో ఆ కాంతి తరంగం పొడవులో దాదాపు నాలుగో వంతు. అందువల్ల గుంటలోంచీ గట్టు మీంచీ వచ్చే కాంతులు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుని వెలుగు తగ్గుతుంది. వెలుగు మారిన చోటు ఒకటి, మారని చోటు సున్నా. ఇంతే భాష.

ఇంత సున్నితమైన వస్తువు గీతలు పడినా పని చేయడానికి కారణం 1960 నాటి ఒక గణిత వ్యాసం. ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే ఇద్దరు, కొన్ని అంకెలు పోయినా మిగిలినవాటి నుంచి పోయినవాటిని తిరిగి లెక్కగట్టే సంకేతాన్ని చెప్పారు. సీడీలో ఆ పద్ధతే వాడి, పక్కపక్క అంకెలను దూరదూరంగా చల్లి రాస్తారు. అందుచేత దారి పొడుగున రెండున్నర మిల్లీమీటర్ల దాకా వరుసగా చెడినా పూడ్చుకోగలదు. దీన్నుంచి వచ్చిందే ఒక వాడుక సూత్రం. సీడీని తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకూడదు, మధ్య నుంచి అంచుకు సూర్యకిరణాల వరుసలో తుడవాలి. అడ్డగీత పడితే ప్రతి చుట్టలోనూ ఇంత ముక్కే పోతుంది, లెక్క సరిపోతుంది. చుట్ట వెంబడి గీత పడితే ఒకేచోట బారెడు పోతుంది, ఏ గణితమూ ఆదుకోదు. మరో సూత్రం కూడా ఉంది. జనం మెరిసే వైపును అపురూపంగా చూసి, బొమ్మ వైపును బల్ల మీద పడేస్తారు. నిజానికి మెరిసే వైపు మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్కు కాపలా ఉంది. బొమ్మ వైపు లక్క పొర తప్ప దిక్కులేదు. అక్కడ అల్యూమినియం లేచిందంటే అక్కడి సమాచారం లేచిపోయినట్టే.

ఇక వైద్యం సంగతి. 2006 వేసవిలో మార్కాపురం దగ్గరి పల్లెలో ఉండే మా మామయ్య ఇంటికి వెళ్ళాను. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. కొడుకు కొనిపెట్టిన కంప్యూటరు ఉంది, తెలుగు మాత్రం డబ్బాలే. "ఏమోయ్ అల్లుడూ, ఇందులో మన తెలుగు చదవొచ్చునన్నావు. ఇదేనా తెలుగు?" అన్నాడు. ఎక్స్‌పీ సీడీ పెడితే డ్రైవు గరగరలాడి, దీపం నాలుగుసార్లు వెలిగి, లోపల ఏమీ లేదని చెప్పి ఊరుకుంది. ఇల్లు పలకలు కోసే షెడ్డుకు పెద్ద దూరం కాదు. డ్రైవు ఊడదీసి, గుడ్డలో చుట్టి, మార్కాపురంలో మరమ్మతులు చేసే కుర్రవాడి దగ్గరికి పట్టుకుపోయాను. దుకాణం అంటే అరుగు మీద ఒక బల్ల.

ఆ కుర్రవాడి పద్ధతి నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే పుస్తకాల్లో ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు. ముందు నా సీడీని తీసుకుని తన డ్రైవులో పెట్టాడు. చదివింది. అంటే రోగం పళ్ళేనిది కాదు. తరువాత నా డ్రైవును తన యంత్రానికి తగిలించి, విండోసు లేవకముందు వచ్చే నల్లటి తెరను ఆపి చూశాడు. డ్రైవు పేరు అక్కడ కనబడింది. "ఇక్కడ పేరు రాకపోతే తీగో, కరెంటో, జంపరో చూడాలన్నా. ఒకే తీగ మీద రెండు యంత్రాలుండి రెంటికీ పెద్దరికం ఇస్తే రెండూ పలకవు" అన్నాడు. నలభై సూదుల ఆ పట్టీ తీగ మీద ఒకటి మాస్టరు, మరొకటి స్లేవు కావాలన్న నియమాన్ని ఇంతకన్నా తేలికగా చెప్పలేం. తరువాత అచ్చయిన పాటల సీడీ ఒకటి, తాను రాసుకున్న సీడీ ఒకటి పెట్టి చూశాడు. అచ్చుది తడబడుతూ చదివింది. రాసినది చదవలేదు. రాసిన సీడీలో నిజం గుంటలుండవు. రంగుపూతలో కాల్చిన మచ్చలుంటాయి, వాటినుంచి తిరిగి వచ్చే వెలుగు తక్కువ. కాబట్టి చూపు మందగించిన డ్రైవు ముందు రాసిన పళ్ళేల దగ్గరే ఓడిపోతుంది.

"డ్రైవు పోలేదన్నా. కన్ను మసకేసింది" అన్నాడు. మూత విప్పి చూపించాడు. కటకం మీద బూడిదరంగు పొర. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి, పిండి, నొక్కకుండా రెండుసార్లు తిప్పి తీశాడు. ఆరనిచ్చాడు. అంతే. తీసుకున్నది ఇరవై రూపాయలు. కొత్త డ్రైవు అంటగట్టడానికి అన్ని అవకాశాలూ ఉండి అంటగట్టని ఆ మనిషిని ఈ చరిత్రలో చేర్చకపోతే ఈ చరిత్రకు అర్థం లేదు.

ఇలాంటివారు ప్రతి చిన్న పట్నంలోనూ ఉండేవారు. వారి అనుభవాన్ని వరుసలో పెడితే ఒక చిన్న శాస్త్రమవుతుంది. నాలుక బయటికి రాకపోతే, కరెంటు ఆపి, ముందున్న సూదిబెజ్జంలో తీగను గుచ్చి లాగడం. మళ్ళీ మళ్ళీ అదే జరిగితే లోపలి రబ్బరు పట్టీ గట్టిపడిందనో జారుతోందనో గ్రహించడం. డీవీడీలు చదివి సీడీలు చదవకపోతే ఆశ్చర్యపోకుండా, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రకాంతి, సీడీకి 780 నానోమీటర్ల కాంతి వేర్వేరని, రెండిట్లో ఒకటి ఆరిందని తెలుసుకోవడం. సమాచారం చదువుతూ పాట మాత్రం వినబడకపోతే డ్రైవు వెనక నుంచి సౌండు కార్డుకు పోయే సన్నని తీగ ఊడిందేమో చూడడం. ఉన్నట్టుండి డ్రైవు నత్తనడక పడితే, పదేపదే తప్పులు దొర్లినందుకు ఎక్స్‌పీ దాన్ని డీఎంఏ నుంచి పీఐఓ పద్ధతికి దించిందని ఊహించి, డివైసు మేనేజరులో ఆ ఐడీఈ దారిని తీసివేసి మళ్ళీ లేపడం. నల్లతెర మీద పేరుండి మై కంప్యూటరులో బొమ్మ లేకపోతే, సీడీలు రాసే సాఫ్టువేరు ఏదో తీసేసినప్పుడు రిజిస్ట్రీలో దాని ఫిల్టర్లు మిగిలిపోయాయని పట్టుకోవడం. అన్నిటికన్నా చివరగా, లేసరు ముసలిదైతే లోపలి చిన్న మరను తిప్పి వెలుగు పెంచడం. ఆ చివరిది వైద్యం కాదు, ఆఖరి గడియల్లో తులసితీర్థం. ఎక్కువ వెలిగించిన దీపం తొందరగానే కొండెక్కుతుంది. మూత తీసి ఉన్నప్పుడు ఆ కంటిలోకి సూటిగా చూడకూడదని కూడా వారు చెప్పేవారు. కనబడని కాంతికి కనురెప్ప మూసుకోదు మరి.

డ్రైవు బిగించాక మామయ్య ఇంట టిక్కు పెట్టాం, సీడీ పెట్టాం, యంత్రం ఆగి లేచింది. ముందే దాచిపెట్టిన ఒక తెలుగు పుటను తెరిచాం. కళ్ళజోడు సవరించుకుని ఒక పుట మొత్తం పైకి చదివాడు. ఆపి, "వత్తులన్నీ చక్కగా ఉన్నాయి" అన్నాడు. పంతులు గారు ఇంతకు మించి ఎవరికీ మార్కులు వేయరు. తరువాతి ఏడాది ఆయన చేత కంభం చెరువు మీద ఊళ్ళో చెప్పుకునే కథలూ, చెరువు కట్టించిందని జనం చెప్పే వరదరాజమ్మ కథా, తాను చిన్నప్పుడు విన్న కోలాటం పాటలూ చెప్పించి, మైకులో పట్టి, రెండు సీడీల మీద రాశాము. ఆయన ఇప్పుడు లేడు.

2023లో ఆ రెండు పళ్ళేలనూ బయటికి తీశాను. ఒకటి ఏ డ్రైవులోనూ కదలలేదు. కిటికీ పక్క అల్మారాలో ఉన్నది అదే. రంగుపూతకు ఎండ శత్రువు. రెండవది కొత్త డ్రైవులో చివరి మూడు ఫైళ్ళ దగ్గర ఆగిపోయింది. చుట్ట లోపలి నుంచి బయటికి పోతుంది కాబట్టి చివరి ఫైళ్ళు బయటి అంచు దగ్గరివి, చేతులు తగిలేదీ ముందుగా చెడేదీ అక్కడే. అటక మీది పాత డ్రైవును దించి, కటకం తుడిచి, వేగాన్ని బాగా తగ్గించి రాత్రంతా చదివించాను. యాభైరెండు రెట్ల వేగంలో తిరిగే పళ్ళెం నిమిషానికి పదివేల చుట్లు తిరుగుతుంది. ఆ ఊపులో కంటికి అందనిది నెమ్మదిగా నడిపిస్తే అందుతుంది. తెల్లవారేసరికి మూడు ఫైళ్ళూ దిగాయి. మామయ్య గొంతు, ఆయన దగ్గు, వెనకాల పలకలు కోసే మర చప్పుడు సహా.

ఇప్పటి కంప్యూటర్లకు సీడీ డ్రైవు లేకపోవడమే రివాజు. పోయినందుకు నాకు విచారం లేదు. ప్రతి పరికరానికీ ఒక కాలం ఉంటుంది. బడిపలక కాలం కూడా అలాగే గడిచింది. కాని పలక పోతే దానిమీది రాత ఎలాగూ సాయంత్రానికి చెరిగిపోయేదే. డ్రైవు పోతే దానికోసం రాసినదంతా అనాథ అవుతుంది. 2000ల తొలి దశాబ్దంలో తెలుగు ఇళ్ళు తమ పెళ్ళిళ్ళనూ, హరికథలనూ, తాతల గొంతులనూ, స్కాను చేసిన పాత పుస్తకాలనూ ఈ పళ్ళేలకే అప్పగించాయి. పెద్ద సంస్థల మీద భారం వేసి నిశ్చింతగా ఉండడానికీ లేదు. రాజ్ రెడ్డి గారి చొరవతో రూపుకట్టిన భారత డిజిటల్ లైబ్రరీ ద్వారా వేల తెలుగు పుస్తకాలు అందరికీ అందాయి. 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడింది. అప్పటికే ఎవరెవరో దించి ఇంటర్నెట్ ఆర్కైవులో పెట్టిన ప్రతులే ఈనాడు మనకు ఆధారం. నిలిచేది ఎప్పుడూ రెండో ప్రతి.

కనుక మిత్రులకు ఒక మనవి. మీ అల్మారాల్లో, అటకల మీద ఆనాటి సీడీలు ఉండే ఉంటాయి. వాటి మీద మీరే మార్కరుతో రాసిన పేర్లు ఉంటాయి. ఒక పాత డ్రైవును సంపాదించండి, యూఎస్‌బీ తీగతో తగిలే రకమైనా సరే. కన్ను తుడవండి. పళ్ళేన్ని మధ్య నుంచి అంచుకు తుడవండి. వేగం తగ్గించి చదివించండి. ఒక డ్రైవు కాదంటే మరో డ్రైవులో ప్రయత్నించండి, ఒకదానికి ఆననిది మరొకదానికి ఆనుతుంది. దిగినదాన్ని రెండు చోట్ల దాచండి, ఎవరి గొంతో, ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో పక్కన రాసిపెట్టండి. ఊళ్ళో ఇంకా ఆ అరుగు మీది కుర్రవాడిలాంటి వారు ఉంటే వెళ్ళి అడగండి. ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తూ ఉంటారు, కాని చేతికి పాత విద్య మరపు రాదు. వచ్చే వేసవి దాకా ఆగకండి. రంగుపూత మన తీరిక కోసం ఆగదు.